బ్రేకు డ్రమ్ముల తూకం

మోటారు మెకానిక్ అన్నవాడు మోసం చేయక మానడని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఎనభైల చివరి సంగతి. గద్వాలలో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి గానీ, వాటి రిపేర్ల గురించిన కబుర్లకు మాత్రం లెక్కే లేదు. ఫలానా వాళ్ల కారులో కొత్త సామాను తీసేసి పాతది బిగించారట, ఫలానా వాళ్ల జీపు షెడ్డులోకి నాలుగు టైర్లతో పోయి మూడున్నర టైర్లతో బయటికొచ్చిందట (ఆ అర టైరు సంగతేమిటో చెప్పినవాళ్లూ వివరించలేదు, నేనూ అడగలేదు). ఇవన్నీ వినీ వినీ, బి.కాం. పూర్తి చేసి నాయన వ్యాపారంలో కొత్తగా కూర్చున్న నేను, మా కారు దగ్గర ఈ ఆటలు సాగనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకోమని నన్నెవరూ అడగలేదు.

మాది నేత ఇల్లు. నాయన పద్నాలుగు మగ్గాల మీద చీరలు నేయించేవాడు. పట్టు, నూలు, జరీ తూకం వేసి నేతగాళ్లకు ఇవ్వడం, చీర తయారై వచ్చాక మళ్లీ తూకం వేసి తీసుకోవడం మా పద్ధతి. ఇచ్చిందీ వచ్చిందీ సరిపోతే మనిషి మంచివాడు, సరిపోకపోతే కాడు. మనుషుల నిజాయితీని కొలవడానికి తరాజును మించిన సాధనం ఈ లోకంలో లేదనుకునేవాణ్ణి. పెళ్లిళ్ల సీజన్‌లో వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కీ చీరలు చేరవేయడానికి నాయన ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. దాని వెనక సీటు చీరలది, ముందు సీటు మాది.

ఆ కారు బాగోగులు చూసేది రాయచూరు రోడ్డు మీద షెడ్డున్న నిమ్మలం భాయ్. ఎవరెంత తొందరపెట్టినా "నిమ్మలం, జర నిమ్మలం" అనేవాడు కాబట్టి ఊరు ఆయనకా పేరు పెట్టింది. బండి చూడగానే ఏం చేయాలో కాకుండా, ఏం చేయనక్కర్లేదో ముందు చెప్పడం ఆయన అలవాటు. "గది ముట్టొద్దు సేటు, ఇంకో ఏడాది నడుస్తది" అనేవాడు. ఆ తర్వాత నోటితో ఒక ధర చెప్పేవాడు, పని అయ్యాక అదే తీసుకునేవాడు. అలాంటి మనిషిని అనుమానించడానికి నాలాంటి చదువుకున్నవాడే కావాలి.

ఒకసారి బ్రేకు తొక్కితే చాలు, కారు చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. నిమ్మలం భాయ్ ముందు చక్రాలు విప్పి, లోపలి డ్రమ్ముల మీద వేలు పెట్టి రాసి చూశాడు.

"డ్రమ్ములకు గాట్లు పడ్డయ్ సేటు. కొత్తయి వద్దు, ఊకె పైసలు దండుగ. లేత్ మిషను మీద సాపు చేపిస్త. లేతోనికి ఎనభై, నాకు నలభై. గంతే."

ఆ 'గంతే' దగ్గరే నాకు అనుమానం పుట్టింది. ఇంత తక్కువ చెప్పాడంటే ఇంకెక్కడో దెబ్బ కొట్టబోతున్నాడన్నమాట! మా మంచి డ్రమ్ములు దాచుకుని ఎవరివో అరిగిపోయినవి బిగిస్తే నాకేం తెలుస్తుంది? వెంటనే, "డ్రమ్ములు నేనే లేత్ కాడికి తీస్కపోత, నువ్వు పరేషాన్ గాకు భాయ్" అన్నాను. పాపం, ఆయన సంబరపడ్డాడు. నేను వాటిని రిక్షాలో వేసుకుని నేరుగా ఇంటికి పోయి, నూలు తూచే పెద్ద తరాజులో పెట్టి, బరువు కాగితం మీద రాసుకున్నాను. ఆ తర్వాతే లేత్ దుకాణానికి పోయి, చొక్కాకు నూనె అంటుతుందని గడప దగ్గరే అప్పగించి వచ్చేశాను. లోపల ఏం చేస్తారో చూసిన పాపాన పోలేదు.

మర్నాడు సాయంత్రం డ్రమ్ములు షెడ్డుకు తిరిగొచ్చాయని తెలిసి, తరాజు, రాళ్లు రిక్షాలో పెట్టుకుని ఊరేగింపుగా బయలుదేరాను. అప్పటికి షెడ్డులో పాన్‌గల్ పటేలు స్టూలు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. తన జీపు, రెండు ట్రాక్టర్ల పని ఏడాదికింతని నిమ్మలం భాయ్‌కి అప్పగించాలని వచ్చాడు. అది కుదిరితే షెడ్డు మీద రేకులు మార్పించుకోవచ్చని భాయ్ నెల రోజులుగా చెప్పుకుంటున్న బేరం.

"ఏంది సేటు, మా షెడ్డుల చీరలమ్ముతవా?" అని నవ్వాడు భాయ్, తరాజును చూసి.

నేను నవ్వలేదు. తూకం వేశాను. రెండూ కలిపి అర కిలో తక్కువ! కాగితం తీసి మళ్లీ చూశాను, మళ్లీ తూచాను, మళ్లీ అంతే. నా ఆనందం అంతా ఇంతా కాదు.

"గివి మా డ్రమ్ములు గావు! మావి తీసి ఎవరియో పాతయి పెట్టినవ్!"

"నిమ్మలం సేటు..."

"నిమ్మలం లేదు, గిమ్మలం లేదు. తూకంల దొరికినవ్!"

మా ఇంట్లో సాపు చేయడమంటే గంజి పెట్టి ఇస్త్రీ చేయడం. గంజి పెట్టిన బట్ట బరువు పెరగాలే గానీ తగ్గడమేమిటి? లేత్ మీద ఇనుమును చెక్కుతారు, చెక్కితే రజను రాలుతుంది, రాలితే బరువు తరుగుతుంది. మూడో తరగతి పిల్లవాడినడిగినా చెబుతాడు. నాకు బి.కాం. అయింది.

నిమ్మలం భాయ్ సైకిలెక్కి పోయాడు. పారిపోయాడనుకున్నాను. పాన్‌గల్ పటేలు చాయ గ్లాసు కింద పెట్టి, "నేను మల్లొస్త" అని ఎవరితోనో అన్నట్టు అని, జీపెక్కి వెళ్లిపోయాడు. అర్ధగంటకు భాయ్ తిరిగొచ్చాడు. వెంట లేత్ పనివాడు, వాడి చేతిలో ఒక డబ్బా. అందులో మెలికలు తిరిగిన ఇనుప రజను. నేల మీద ఊడ్చి తెచ్చినట్టున్నారు, మధ్యలో రెండు బీడీ ముక్కలు కూడా ఉన్నాయి. భాయ్ ఆ బీడీ ముక్కలు ఏరి పారేసి, రజనును డ్రమ్ముల పక్కన తక్కెడలో పోశాడు. ముల్లు నిటారుగా నిలబడింది.

"సరిపాయెనా సేటు?" అన్నాడు. అని, పటేలు కూర్చున్న స్టూలు వైపు చూశాడు. అప్పుడు గానీ నేనూ అటు చూడలేదు.

"నాకు తెల్వకపాయె భాయ్" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన క్షమాపణ మొత్తం అదే.

ఇంట్లో నాయన తల పట్టుకున్నాడు. "మన నేతగాండ్లకు తరుగు ఇడుస్తమా లేదా? మరి ఇనుముకు తరుగుండదార? బుద్ధి గడ్డి తిన్నదా నీది? పొద్దుగాల్నే పాన్‌గల్ పో. నాదే తప్పని ఆ పటేలుకు చెప్పిరా."

పొద్దున పోలేదు. ఆ వారం పోలేదు. సిగ్గుకు ఎన్ని పనులు అడ్డమొస్తాయో నాకప్పుడే తెలిసింది. మూడు నెలల తర్వాత వనపర్తిలో ఒక పెళ్లిలో పటేలే కనిపించి నా భుజం తట్టాడు. "షాబాష్ పిలగా! తూకమేసి పట్టినవ్ గద ఆణ్ణి! నువ్వు లేకుంటే నేను మునుగుదును. బండ్లన్ని వేరే షెడ్డుకు ఇచ్చిన." కాదు పటేలా, అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నా నోట్లో లడ్డు ఉంది. లడ్డు మింగేశాను, మాటనూ మింగేశాను, నవ్వాను కూడా.

నిమ్మలం భాయ్ మా కారును కాదనలేదు. ధరా పెంచలేదు. కానీ ఆ తర్వాత ఒక్కసారి కూడా 'గది ముట్టొద్దు' అనలేదు. విప్పినవన్నీ గుడ్డ మీద వరసగా పరిచి, "నువ్వు చెప్పు సేటు, ఏం జెయ్యమంటవ్?" అని నిలబడేవాడు. నాకేం తెలుసు? భయానికి అన్నీ మార్చమనేవాణ్ణి. ఆయన ధర ఎప్పుడూ న్యాయంగానే ఉండేది, అక్కర్లేని వాటికి కూడా. ఒకప్పుడు ఊరికే దొరికిన ఆ ఒక్క మాట ఎంత విలువైనదో, ప్రతిసారీ చెల్లిస్తూ నేర్చుకున్నాను.

మూడేళ్లకు ఒకనాడు ఆయనే భార్యను వెంటబెట్టుకుని మా దుకాణానికొచ్చాడు. "ముప్పై ఏండ్ల సంది గద్వాలల ఉంటున్నం, ఒక్క గద్వాల చీర కట్టలేదని రోజు గులుగుతది సేటు." ఆమె చాలాసేపు చూసి, చిలకపచ్చ చీరకు మెరూన్ అంచున్నది తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను ధర చెప్పాను. రెండు వందలు కలిపి చెప్పాను. కావాలని కాదు, నోటి అలవాటు. అందరూ బేరమాడతారు, మేం తగ్గిస్తాం, అందరం సంతోషంగా ఇళ్లకు పోతాం. ఆయన మాత్రం లోపలి జేబులోంచి గ్రీజు మరకల నోట్లు తీసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"జర అడుగుండ్రి" అని గొణిగింది ఆమె.

"సేటు చెప్పినంక ఇంకేమడుగుత?"

ఇప్పుడు తగ్గిస్తే ఇందాక అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టు. చీర మడతపెట్టి, కాగితం చుట్టి, దారం కట్టి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారగానే రెండు వందలు జేబులో పెట్టుకుని కారు తీశాను. దారిలో మాటలు వల్లె వేసుకున్నాను: పటేలు సంగతి, చీర సంగతి, అన్నీ. భాయ్ ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. "ఎవరు?" అన్నాడు. "నేనే భాయ్." ఆయన బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడ్డాడు. వల్లె వేసినదంతా ఎక్కడికి పోయిందో!

"హారన్... సరిగ్గ మోగుతలేదు. జర చూడు" అన్నాను.

హారన్‌కు ఏ రోగమూ లేదు. ఆయన బానెట్ ఎత్తి తీగలు కదిపి చూశాడు, రెండుసార్లు మోగించాడు, చెవి దగ్గరగా పెట్టి మళ్లీ విన్నాడు. "దీనికేం గాలేదు సేటు, మంచిగనే ఉంది. పైసలేం వద్దు, పో" అన్నాడు.

జేబులో చెయ్యి పెట్టాను. రుమాలు బయటికి తీసి, ముఖం తుడుచుకుని బండెక్కాను. ఇప్పటికీ ఆ పాతికేళ్ల కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు ఆగాక, వాడి భుజం పట్టుకుని చెప్పాలనిపిస్తుంది: రుమాలు కాదురా, దాని కింద ఉన్నది తియ్యి.