ఆదిలక్ష్మి హాజరు

మొన్న అనంతపురంలో నేనుండే గదిలో సర్టిఫికెట్ల కోసం ట్రంకుపెట్టె తిరగేస్తుంటే, అడుగున పాత తువ్వాలు ముక్కలో చుట్టిన నాయన ఫోన్ చేతికి తగిలింది. అద్దం పగిలి, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. చార్జింగ్ బొక్కలో ఎర్రటి చెనక్కాయ పొట్టు ఇంకా ఇరుక్కునే ఉంది. వేరుశనగ అని పుస్తకాల్లో రాస్తారు గానీ, మా వైపు దాన్ని చెనక్కాయ అనకపోతే ఆ వాసన రాదు. పిన్నీసుతో పొట్టు గీకి, చార్జింగ్ పెట్టి, వెలుగుతుందా లేదా అని గదిలో అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చిన్నప్పటి నుంచీ నాకు కుదురు లేదు, ఆ ఫోన్ ఇంట్లోకి వచ్చాక ఉన్న కాస్తా పోయింది.

కరోనా వచ్చి బడి మూసేసిన ఏడు నేను తొమ్మిదో తరగతి. కదిరిలో బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చే మా ఊళ్ళో ఇంట్లో సిగ్నల్ నిలిచేది కాదు, పాడి గేదెల కొట్టం వెనక ఎత్తు మీదున్న పెద్ద రాతిగుండు ఎక్కితేనే రెండు గీతలు కనబడేవి. దానికి మేమే సిగ్నల్ గుండు అని పేరు పెట్టుకున్నాం. మా వీధి పిల్లలం ఐదుగురికి నాయన ఫోన్ ఒక్కటే ఆధారం. అమ్మ పెట్టిన షరతు కూడా ఒక్కటే, చెవులు సారుకిచ్చినా చేతులు తనకివ్వాలి. అందుకని తొలకరికి ముందు విత్తనం చెనక్కాయలు చేటల్లో పోసుకుని గుండు మీదికి మోసుకెళ్ళి, సమీకరణాలు వింటూ టపటపా ఒలిచేవాళ్ళం. బొటనవేలు గోరు కింద చర్మం చీలి ఉప్పు తగిలితే భగ్గుమనేది, అయినా మధ్యాహ్నం సంగటి ముద్దలో ఊరుబిండి పచ్చడి నంజుకోకుండా ఎవరమూ ఉండలేదు. పాఠం మధ్యలో సిగ్నల్ పోతే అచ్చనగండ్లు ఆడుకునేవాళ్ళం, సిగ్నల్ వచ్చినా ఆట పూర్తయ్యేదాకా రాలేదన్నట్టే ఉండేవాళ్ళం. పైర్లు పెరిగాక ఉడకేసిన పచ్చికాయలు ఒడిలో పోసుకుని, గుట్ట మీద సీతాఫలాలు పండాక వాటి గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకుని, ఆ బండ మీదే మా ఏడు గడిచిపోయింది.

మాకు పాఠం చెప్పింది లెక్కల సార్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టుండే మనిషి. నేరుగా మాట్లాడేంత సిగ్నల్ ఎవరి ఊళ్ళోనూ లేదని, పాఠాన్ని తన గొంతుతో చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. మేం వింటున్నామో, ఫోన్ పక్కన పెట్టి నిద్రపోతున్నామో తెలియక ఆయనకూ కుదురుండేది కాదు. ఒక పొద్దు కొత్త పద్ధతి పెట్టాడు. "ప్రెజెంట్ సార్ అంటే చాలదప్పా. పొద్దున లేసినాక మీ కంటికి కనబడింది ఒకటి చెప్పల్ల. అప్పుడే హాజరు. మూడు దినాలు పలక్కపోతే నేనే మీ ఇంటికొస్తా" అన్నాడు.

వస్తానన్నవాడు నిజంగా వచ్చేవాడు. మా చిన్నాయన కొడుకు నాగేంద్ర నాలుగు రోజులు ఎవరితోనో ఆటో మీద తిరిగి పలకడం మానేస్తే, సార్ ముక్కుకు గుడ్డ కట్టుకుని మోటార్ సైకిల్ మీద దిగి, చిన్నాయన అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, వాడు వచ్చేదాకా కదల్లేదు. పొద్దు గూకాక వాడు వచ్చాడు. రేపటి నుంచి పంపిస్తానని చిన్నాయన చేత నలుగురి ముందు మాట తీసుకున్నాకే సార్ బండి స్టార్ట్ చేశాడు. మాకది పోలీసులు ఇంటి మీదికొచ్చినంత అవమానంగా కనిపించింది. ఆ రాత్రి చిన్నాయన వాణ్ణి బాదిన బాదుడు వీధంతా విన్నది. అప్పటి నుంచి, సార్ ఇంటికొస్తే కొంప మునిగినట్టే అని మేం తేల్చుకున్నాం. ఎంత తెలివితక్కువ పిల్లలమో!

ఆదిలక్ష్మి మా ఐదుగురిలో ఒకతి. వాళ్ళది గొర్రెల మంద. లెక్కల్లో దాని ముందు మేమెవ్వరం నిలిచేవాళ్ళం కాదు, సార్ ప్రశ్న పూర్తి చేయకముందే వేళ్ళ మీద ఏదో లెక్క కట్టి జవాబు చెప్పేది. ముక్కుతో మాట్లాడేది, ఎప్పుడూ జలుబు చేసినట్టుండేది గొంతు. ఏటా వాళ్ళ నాయన, అన్న కలిసి మందను మేత ఉన్న చోటికి తోలుకుపోయేవాళ్ళు. ఆ ఏడు అన్న బెంగళూరులో చిక్కుపడిపోయాడు. వానలూ వెనకబడ్డాయి. శింగనమల చెరువు వైపు గడ్డి ఉందని విని, వాళ్ళ నాయన ఆదిని వెంట తీసుకుని బయల్దేరాడు. ఇంట్లో వాళ్ళ అవ్వ ఒక్కతే మిగిలింది.

పోయే ముందు ఆది గుండు దగ్గరికొచ్చి, చేటలోంచి నాలుగు గింజలు నోట్లో వేసుకుంది.

"నేనొచ్చేవరకు నా పేరు పోనీయాకు మే. మూడు దినాలు పలక్కపోతే కొట్టేస్తారంట గదా" అంది.

పేరు కొట్టేస్తారని సార్ ఎప్పుడూ అనలేదు. ఆ ముక్క నాగేంద్ర కల్పించింది. కానీ నేనూ నమ్మాను. "నేనుండాను గదా, పో" అన్నాను పెద్ద ఆరిందాలాగా.

మర్నాడు పదింటికి ముక్కు రెండు వేళ్ళతో నొక్కుకుని, "ఆదిలక్ష్మి, ప్రెజెంట్ సార్. ఈ పొద్దు మా గొర్రె రెండు పిల్లలేసినాది" అని పంపాను. ఒకే ఫోన్ నుంచి ఐదు గొంతులు పోవడం మామూలే కాబట్టి సారుకు అనుమానం రాలేదు. పక్కనున్నవాళ్ళు నోరు మూసుకుని నవ్వారు. చెప్తే తంతానని అందరినీ బెదిరించాను, నా సంగతి తెలిసినవాళ్ళు కనుక ఎవరూ చెప్పలేదు.

ఇక చూడండి నా తంటాలు! రోజూ నా కంటికి కనబడింది ఒకటి, ఆది కంటికి కనబడింది ఒకటి వెతుక్కోవాలి. నాకోసం గోడ మీద తొండో, గుమ్మంలో కుక్కో చాలు. ఆది కోసం మాత్రం ఎంతో ఆలోచించి, నేనెప్పుడూ చూడని చెరువు మీద తెల్ల కొంగల్ని వాల్చేదాన్ని, కట్ట మీద పొగమంచు దించేదాన్ని. ఆది లెక్కల్లో దిట్ట కాబట్టి దాని పేరున పంపే లెక్క తప్పు పోకూడదు. దానికోసం ఒళ్ళొంచి నేర్చుకున్నాను, వేరే నోటుపుస్తకంలో అక్షరాలు ఎడమకు వాల్చి రాసి ఫోటో తీసి పంపేదాన్ని. సార్ మురిసిపోయేవాడు. "ఆదిలక్ష్మి చూడండప్పా, గొర్లు మేపుకుంటా ఎంత బాగా చదువుతాందో" అని గ్రూపులో అందరికీ పెట్టేవాడు. పొగడ్త దానిది, పొంగిపోవడం నాది. నాయన అప్పుడప్పుడు నన్ను ఎగాదిగా చూసి, "నీ మొగానికి ఇంత చదువేందే" అనేవాడు.

సార్ మోటార్ సైకిల్ ఆ ఏడు మా ఊరికి చాలాసార్లు వచ్చింది. పలకని పిల్లల అరుగులన్నీ ఎక్కింది. ఆది వాళ్ళ ఇంటి ముందు మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగాల్సిన పని ఏముంది, ఆది రోజూ పలుకుతోంది కదా. బండి ఆ వాకిలి దాటిపోయిన ప్రతిసారీ గండం గడిచిందని గుండె మీద చెయ్యి వేసుకున్నదాన్ని నేనే.

బడి తెరిచారు. మొదటి రోజు సార్ రిజిస్టరు తీసి పేర్లు పిలుస్తున్నాడు. ఆది వచ్చిందేమో అని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. "ఆదిలక్ష్మి" అన్నాడు. నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. "ప్రెజెంట్ సార్" అనేశాను.

క్లాసు గొల్లుమంది. సార్ తలెత్తి నన్ను చూశాడు. నా వేళ్ళింకా ముక్కు మీదే ఉన్నాయి. ఆయన నవ్వలేదు, కొట్టనూ లేదు. కొట్టి ఉంటే బాగుండేది.

"ఎన్ని దినాల్నుంచి?" అన్నాడు.

"అది మందతో పోయిన మర్నాటి నుంచీ సార్."

రిజిస్టరు మూసి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆ పూట పాఠం జరగలేదు.

ఆదివారం సార్ ముందు బండి మీద, నాయన బండి వెనక నేను, శింగనమల పోయాం. చెరువు కట్ట కింద మంద కనబడింది. ఆది ఎండకు నల్లబడి, ఒక గొర్రెపిల్లను భుజాన వేసుకుని ఎదురొచ్చింది. వాళ్ళ నాయన తలగుడ్డ తీసి సారుకు దండం పెట్టాడు గానీ, మాట మాత్రం కటువుగానే అన్నాడు.

"ఏమప్పా సార్, ఇప్పుడొచ్చినావా? తొలకర్లో వచ్చి అడిగింటే పంపిచ్చేవాణ్ణి. అప్పుడు మా బామ్మర్ది ఖాళీగా ఉండె, మందకు వానిని పెట్టుకుందును. ఇప్పుడు వాడూ బెంగళూరు పాయె, కొడుకూ ఆడనే కుదురుకున్యాడు. ఈ పాప లేకుంటే నాకు మంద యాడిది?"

సార్ చాలాసేపు బతిమాలాడు. అరుగు లేదు కాబట్టి కట్ట రాళ్ళ మీదే కూర్చుని బతిమాలాడు. ఆ తర్వాత ఇంకో రెండు వారాలూ పోయి వచ్చాడని విన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. ఆ రోజు ఆయన నా పేరు బయటపెట్టలేదు. "నాదే తప్పు, ఆలస్యం చేసినా" అన్నాడు. ఆ మాట నాలో ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పెద్దవాళ్ళు మాట్లాడుతుండగా ఆది నన్ను పక్కకు లాగింది.

"నా పేరుండాదా మే?"

"ఉండాది" అన్నాను.

దాని మొహం ఎంత వెలిగిపోయిందో! ఆ ఏడు పరీక్షలు లేకుండానే అందరితో పాటు దాన్నీ పాస్ చేశారు. పదిలోకి దాని పేరు వచ్చింది, మనిషి రాలేదు.

ఇప్పుడు సిగ్నల్ గుండు లేదు, పగలగొట్టి రోడ్డుకు కంకర వేశారు. ఊళ్ళో టవర్ నిలబడింది, ఏ ఇంట్లో చూసినా ఫోన్లే, విత్తనం కాయలు మిషన్ ఒలుస్తోంది. నేను డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు ఒక ట్యూషన్ సెంటరులో ఆన్‌లైన్ లెక్కలు చెప్తున్నాను. తెర నిండా పేర్లుంటాయి, మొహాలుండవు. పేరు కనబడితే హాజరు వేసేయమని సెంటరు ఓనరు అంటాడు. నా వల్ల కాదు. రెండు రోజులు గొంతు వినబడకపోతే ఇంటికి ఫోన్ చేస్తాను, అమ్మనో నాయననో పిలిపించి బిడ్డ ఎదురుగా ఉందా అని అడుగుతాను. నాకు తిక్క అనుకుంటారు, అనుకోనీ.

ఆది ఇంకా మందతోనే ఉంది. ఎప్పుడైనా కలిస్తే నా చెయ్యి పట్టుకుని, "నా పేరు నిలబెట్టింది నువ్వే మే" అంటుంది. నేను నీ పేరున పలకకుండా ఉండి ఉంటే సార్ నీకోసం వచ్చి ఉండేవాడని నేనింతవరకు చెప్పలేదు. చెప్పాలని పోతాను, గొర్రెల సంగతులడిగి తిరిగొస్తాను.

ఫోన్ వెలిగింది. గ్రూపు అలాగే ఉంది. ఆది మంద వెంట పోయిన మర్నాటి నుంచి ఒక్కొక్కటే నొక్కుతూ విన్నాను. ఆదిలక్ష్మి, ప్రెజెంట్ సార్, ఈ పొద్దు కొంగలొచ్చినాయి. ఆదిలక్ష్మి, ప్రెజెంట్ సార్, ఈ పొద్దు మంచు కురిసినాది. బడి తెరిచేదాకా ఒక్కరోజు తప్పకుండా హాజరు. చివరిదాకా విన్నాను. ఒక్కదాంట్లోనూ ఆది గొంతు లేదు.