పక్క సీటు బ్రేకు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. రాజమండ్రిలో మా పేట వాళ్ళంతా పట్టపగలు కూడా అడుగుపెట్టని పాడుబడ్డ రైసుమిల్లులో నేను మధ్యాహ్నం నిద్రలు తీసినవాణ్ణి. షార్జా వచ్చాక ఆ అపనమ్మకం ఇంకా గట్టిపడింది. ఇక్కడ వీసా లేకుండా దోమ కూడా నిలవదు. పైగా మేముండే అల్ నహ్దాలో పొద్దు వాలితే పార్కింగు దొరకదు. మనుషులకే దిక్కు లేనిచోట దయ్యం వచ్చి ఎక్కడ నిలబడుతుంది?

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. గోరంతలు కొండంతలు చేస్తానని నాకు స్నేహితుల్లో పేరుంది. అది నిజమే. కింద రాయబోయే ట్రాఫిక్ గురించి, నా గురించి ఎంత పెంచి చెప్పానో మీరే తగ్గించుకోండి. బ్రేకు సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క ముక్క కూడా తగ్గించుకోవద్దు. అక్కడ నేను ఏమీ కలపలేదు.

షార్జా నుంచి దుబాయ్‌లో నా ఆఫీసుకి దారి మ్యాపులో చూస్తే బెత్తెడు. ఆ బెత్తెడు దూరంలో నేను గడిపిన కాలం మా ఆవిడతో గడిపినదానికంటే ఎక్కువ. నున్నగా గడ్డం గీసుకుని బయల్దేరినవాడు ఆఫీసు చేరేసరికి మళ్ళీ గీసుకోవాలి. రోజూ పక్క లేనులో ఆగే ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయికి పెళ్ళవడం, కొడుకు పుట్టడం, వాడికి పళ్ళు రావడం అన్నీ నేను కారు అద్దంలోంచే చూశాను. వాడికి బారసాల జరిగి ఉంటే పిలుపు నాకూ వచ్చేది.

అయినా ఆ రోడ్డంటే నాకు ప్రేమ. కదలని కార్లలో కూచుని టిఫిన్ చేసేవాళ్ళు, అద్దంలో చూసుకుంటూ కాటుక దిద్దుకునేవాళ్ళు, స్టీరింగు మీద తల ఆన్చి ఊరికి ఫోన్ చేసేవాళ్ళు, వీళ్ళంతా నాకు చుట్టాల్లా ఉంటారు.

ఇలాంటి ఊళ్ళో మా ఆవిడ వసుంధర కారు నడుపుతానంది.

కారణం ఉంది. ఆమె పెళ్ళికి ముందు సైన్సు టీచరు. నాతోపాటు ఇక్కడికి వచ్చాక చాలా ఏళ్ళు పాఠం చెప్పడానికి వంటింట్లో కుక్కరు తప్ప ఎవరూ దొరకలేదు. చివరికి దుబాయ్‌కి ఎదురు దిక్కునున్న ఉమ్ అల్ క్వైన్‌లో ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మా వైపు వాళ్ళ బస్సు రాదు. సొంతంగా రాగలిగితేనే ఉద్యోగం అన్నారు. అంటే బండి నడపడం వస్తే ఉద్యోగం, రాకపోతే మళ్ళీ కుక్కరు.

ఇక్కడ లైసెన్సు తెచ్చుకోవడం కంటే మన ఊళ్ళో ఎమ్మెల్యే టికెట్టు తెచ్చుకోవడం తేలిక. ఆమెకి నేర్పినాయన పెషావర్ వైపు పెద్దాయన, ఖాన్ ఉస్తాద్. నేర్చుకునే బండిలో పక్క సీటు ముందర కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఉస్తాద్ కాలి కింద. ఆయన పాఠమంతా మూడు ముక్కలు. "మేడమ్, మిర్రర్. మేడమ్, షోల్డర్. మేడమ్, అల్లా కే వాస్తే, బ్రేక్." షోల్డరంటే తిరిగేముందు భుజం మీదుగా వెనక్కి చూడటం. మూడోది అనేలోపే ఆయన కాలు పని చేసేసేది.

పరీక్షకి మాత్రం ఉస్తాద్ స్థానంలో పోలీసాఫీసరు కూచుంటుంది. దారిలో ఆమె కాలు ఆ పక్క బ్రేకు మీద పడిందంటే మనం ఫెయిలు. మాట్లాడటానికేమీ ఉండదు. ఖలాస్. వసుంధర ఎన్నిసార్లు ఖలాస్ అయిందో నేను చెప్పను. చెబితే ఈ రాత్రికి నాకు భోజనం ఉండదు. ఆఖరికి ఒకరోజు ఆ పోలీసమ్మ కాళ్ళు ముడుచుకునే కూచుంది. లైసెన్సు వచ్చేసింది.

ఇక నా సంగతి. భార్య నడుపుతుంటే పక్కన కూచున్న ఏ మొగుడికైనా కుడికాలు తనంతట తనే నేలని తొక్కుతుంది. నా కాలు తొక్కుడికి మా పాత కారులో పక్క సీటు మ్యాటు అప్పడంలా పల్చబడింది.

"ఆ మ్యాటు ఏం పాపం చేసిందండీ?" అనేది వసుంధర. "ఇంకోసారి తొక్కారంటే మిమ్మల్ని ఇక్కడే దింపేస్తా. డబ్బులిచ్చి నలుగురితో కలిసి ఎక్కే ఏ కార్ లిఫ్టో పట్టుకుని ఇంటికి పోదురుగాని."

ఆమె ఉద్యోగంలో చేరిన మొదటివారం, తోడుగా ఉంటానని ఆఫీసుకి సెలవు పెట్టాను. అది డిసెంబరు. ఒకరోజు పొద్దున తెల్లారింది కానీ తెల్లారినట్టు ఎవరికీ తెలియలేదు. అంత మంచు. గల్ఫంటే ఎండే అనుకునేవాళ్ళు ఆ మంచు చూడాలి. కత్తితో కోసి పెరుగన్నంలో కలుపుకోవచ్చు.

పెద్ద రోడ్డు దిగి స్కూలు వైపు వెళ్ళే చిన్న రోడ్డులోకి మళ్ళాం. ఆమె నెమ్మదిగానే నడుపుతోంది. లైట్లన్నీ వేసుకుంది. నేను మాట ఇచ్చాను కాబట్టి కాళ్ళు సీటు కిందికి ముడుచుకుని, తపస్సు చేసుకుంటున్నవాడిలా కూచున్నాను.

ఇక్కడినుంచి తగ్గించుకోవద్దన్న భాగం.

ముందు నాకేమీ కనపడలేదు. చప్పుడేమీ వినపడలేదు. అయినా నా కుడికాలు బయటికి వచ్చి బలంగా తొక్కింది. ఎందుకు తొక్కానో ఇప్పటికీ తెలియదు. కాలికింద మ్యాటు తగల్లేదు. పెడల్ తగిలింది. గళ్ళు గళ్ళుగా ఉన్న రబ్బరు. చెప్పు పల్చనిది కావడంతో ఆ గళ్ళు అరికాలికి తెలిశాయి. ముందు కాస్త బిగువుగా ఆగి, తర్వాత కిందికి దిగింది.

కారు ఆగింది. సీటుబెల్టు నా బొజ్జని రెండు ముక్కలు చేసింది. ఆమె టిఫిన్ క్యారేజీ వెనక సీటులోంచి కింద పడింది.

కారు ఆగినా ఇంజను గోల ఆగలేదు. ఆక్సిలేటరు తొక్కి పట్టుకున్నట్టు అరుస్తోంది. వసుంధర తన కాలి వైపు చూసుకుంది. నేనూ చూశాను. ఆమె కాలు ఆక్సిలేటరు మీదే ఉంది. చూశాకే తీసింది.

"నేను తొక్కలేదండీ," అంది.

అప్పుడు మంచులోంచి, మా బానెట్‌కి జానెడు దూరంలో, ఒక మనిషి వీపు కనపడింది. తర్వాత ఇంకొకటి. నీలం డ్రెస్సులు వేసుకున్న సైటు కూలీలు, ఒక గుంపు. వాళ్ళ ముందు లైట్లు ఆరిపోయిన బస్సు ఉంది. అందులోంచి దిగి, దాని వెనకాల రోడ్డు మీదే నిలబడ్డారు.

అందులో ఒకాయన మా కిటికీ దగ్గరికి వచ్చాడు. అద్దం దించితే, మా మాటలు వినపడ్డాయేమో, తెలుగులోనే పలకరించాడు. తర్వాత చెప్పాడు, వాళ్ళది జగిత్యాల వైపట.

"మంచిగున్నరా సారు? అక్కకు ఏం కాలే గదా?"

"మీలో ఎవరికీ తగల్లేదుగా?" అన్నాను.

"తగల్లే సారు. బస్సు ఖరాబైంది, డ్రైవరు దిగుమన్నడు. అక్క మంచిగ బ్రేకు కొట్టింది. ఇంకింత ముందుకొస్తె మా రాజంగాడు మీ బానెట్ మీద కూసొని నాస్త చేసేటోడు."

"నీ నోట్ల మన్నువడ," అని ఆ వీపుల్లో ఒకటి ఇటు తిరిగింది. చేతిలో రొట్టె చుట్టిన కాగితం ఉంది. "పొద్దుగాల్నే ఏం మాటరా అది."

అంతా నవ్వారు. వసుంధర నవ్వలేదు. ఆమె చేతులు స్టీరింగుని వదలడం లేదు. జగిత్యాలాయన తన బాటిల్ లోపలికి అందించాడు. "నీళ్లు తాగు అక్కా. ఏం గాలే. ఖలాస్, అయిపోయింది."

అక్కడినుంచి నేనే నడిపి ఆమెని స్కూలు దగ్గర దింపాను. సీటు మారేముందు వంగి పక్క సీటు ముందర చేత్తో వెతికాను. పల్చబడ్డ మ్యాటు, దాని కింద ఇనుప రేకు, కొంచెం ఇసుక. అంతే.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె తాళం ఫ్రిజ్ మీద పెట్టేసింది. "ఫెయిలయ్యాను," అంది.

"ఎవరు ఫెయిల్ చేశారే? లైసెన్సు బ్యాగులో ఉందిగా."

"పక్క సీటులోంచి బ్రేకు పడింది. పడితే ఫెయిలే. నేను వాళ్ళని చూడలేదండీ. అక్కడ మీరో ఇంకెవరో తొక్కకపోతే ఆ రొట్టె తినే మనిషి..." అని ఆగిపోయింది. "ఇక నడపను."

నేను ఆమెకి నచ్చజెప్పాలని చూశాను. కంగారులో నువ్వే తొక్కి ఉంటావన్నాను. ఇంజను అరుపు ఇద్దరం విన్నాం కాబట్టి ఆ మాట నాకే అతకలేదు. మా బండి ముసలిది. ఎదురుగా ఏదైనా ఉంటే తనంతట తనే ఆగే తెలివితేటలు ఇప్పటి కార్లకి ఉంటాయట, దానికి కిటికీ అద్దం దించడమే కష్టం. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్ చేత కింద అంతా విప్పించాను. ఇక్కడ ఎప్పుడూ రెండో పెడల్ లేదు, ఉన్న గుర్తు కూడా లేదన్నాడు. కావాలంటే కొత్తది బిగిస్తానని బేరం పెట్టాడు.

శనివారం ఒక ఖాళీ మైదానంలో ఆమెని పక్కన కూచోమని, నేను నెమ్మదిగా నడుపుతూ ఆమె చేత తొక్కించాను. తర్వాత ఆమెని బతిమాలి నడిపించి, నేను మడమ వాచేదాకా తొక్కాను. కారు పెళ్ళి ఊరేగింపులా సాగిపోయిందే తప్ప ఎక్కడా ఆగలేదు.

ఆ వారంలో మిగిలిన రోజులు నేనే ఆమెని ఉమ్ అల్ క్వైన్‌లో దింపాను. నా సెలవు అయిపోయింది. మా ముదీర్, అంటే మేనేజరు, అప్పటికే ఫోనులో రెండు భాషల్లో తిట్టాడు. సోమవారం స్కూలుకి వెళ్ళి మానేస్తానని చెప్పి వచ్చేస్తానంది వసుంధర. ఆ మాట అంటూ పిల్లల పాఠానికి తయారుచేసుకున్న అట్టముక్కల సౌరకుటుంబాన్ని మంచం కిందికి తోసేసింది. శనిగ్రహం వలయం ఒకటి బయటే ఉండిపోయింది.

నాకు అది చూడబుద్ధి కాలేదు. ఖాన్ ఉస్తాద్‌కి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే పని మానేసి సొంతూరు వెళ్ళిపోయాడు. స్పీకరు పెట్టి ఆమెకిచ్చాను. ఆయన ఉర్దూలో, ఈమె రాజమండ్రి హిందీలో మాట్లాడుకున్నది ఇది.

"ఉస్తాద్, పక్క సీటులోంచి బ్రేకు పడింది. నేను ఫెయిలేగా?"

"సాబ్ తొక్కాడా?"

"ఆయన తొక్కింది మ్యాటు. అక్కడ బ్రేకు లేదు. అయినా పడింది."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చాయ్ చప్పరించిన శబ్దం మాత్రం వినపడింది.

"టెస్టులో పడితే ఫెయిల్, బేటీ. క్లాసులో పడితే ఫెయిల్ ఎలా అవుతుంది? క్లాసులో బ్రేకు తొక్కడం పక్కవాడి డ్యూటీ. నేను నీకు రోజూ తొక్కలేదా? తర్వాతి రోజు నువ్వు మళ్ళీ రాలేదా?"

"వచ్చాను."

"మరి రా. ఇంకా క్లాసు నడుస్తోందనుకో. షోల్డర్ చూడటం మర్చిపోకు."

నేను ఉండబట్టలేక మధ్యలో దూరాను. "అది సరే ఉస్తాద్, ఇంతకీ తొక్కిందెవరు?"

"నాకేం తెలుసు సాబ్? నా కాళ్ళు రెండూ ఇక్కడ మంచం మీదున్నాయి."

సోమవారం పొద్దున నేను లేచేసరికి ఫ్రిజ్ మీద తాళం లేదు. మంచం కింద సౌరకుటుంబం లేదు. బాల్కనీలోంచి చూస్తే మా ముసలి కారు గల్లీ చివర మలుపు తిరుగుతోంది. తిరిగేముందు ఆమె భుజం మీదుగా వెనక్కి చూసింది. నేను అక్కడే నిలబడి టైలు తొక్కాను.

ఆనాటినుంచి ఆమె నడుపుతూనే ఉంది. వానల్లో నడిపింది, ఇసుక గాలిలో నడిపింది, మళ్ళీ మంచు వచ్చినా నడిపింది. బ్రేకు అవసరమైన ప్రతిసారీ తానే తొక్కిందట. రెండోసారి అలాంటిదేమీ జరగలేదు. నేను మాత్రం కార్ లిఫ్ట్‌లో ముగ్గురి మధ్య ఇరుక్కుని దుబాయ్ పోతున్నాను.

ఇప్పుడు వాళ్ళ స్కూలు టీచర్లు ఇద్దరు దారిలో ఆమె కారెక్కుతారు. వెనకే కూచుంటారు. ముందు సీటు ఖాళీ. సెలవురోజు కూరగాయలకి వెళ్ళినా నాదీ వెనక సీటే. సిగ్నల్ దగ్గర పక్క కార్లవాళ్ళు నేనొక సేఠ్‌ననీ, ఆమె నా డ్రైవరనీ అనుకుంటారు.

ఒకసారి అడిగాను. "నన్ను ముందుకి రానివ్వవా ఇక?"

"మీ కాళ్ళు ఊరుకోవు. ఉండనీయండి, అక్కడ కాస్త చోటుండాలి."

"ఎవరికి?"

ఆమె అద్దంలోంచి నావైపు చూసింది. "మీకు తెలుసా?"

నాకు తెలియదు. దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. గళ్ళ రబ్బరు అరికాలికి తగలడం మాత్రం నిజం, ఆ మనుషులు అక్కడ నిలబడి ఉండటం నిజం. ఈ రెంటికీ మధ్య ఏముందో చెప్పమంటే నా దగ్గర మాట లేదు. అందుకే నోరు మూసుకుని, కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని, వెనకాల కూచుంటున్నాను.