మట్టి: రేపు పొద్దున తొమ్మిదికి

దీపావళి అయిపోయి చలి మొదలవుతుందనగా మా ఇంట్లో స్నానాల గది కూలగొట్టించాను. వానలకు గోడంతా చెమ్మ పట్టి పెచ్చులు రాలుతుంటే తప్పలేదు. ఛత్రినాకలో మా గల్లీ సన్నది. పగిలిన టైల్స్, ఇటుకలు, సిమెంటు పెళ్లలు కలిసి గుమ్మం ముందు నడుమెత్తు కుప్ప అయింది. మేస్త్రీ దాన్ని చూసి, "ఫికర్ చెయ్యకు భాయ్, పొద్దుగూకినంక గీ మలబా అంత నాలాల గుమ్మరిస్త" అన్నాడు.

ఇంకొకరైతే సరేననేవాళ్లు. నేనెలా అంటాను? రెండేళ్ల కింద నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు, అందులో మలబా పోసినవాళ్లను నడిగల్లీలో నిలబెట్టి కడిగేసింది నేనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి గల్లీకంతా తెలుసు. ఆ రోజు నుంచి ఒక్కొక్కరే నాతో మాట్లాడటం మానేశారు. పెళ్లి చేసుకోలేదు. కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం కూడా అయిపోయింది. ఇంట్లో ఒక గొంతు వినాలంటే రేడియో పెట్టుకోవాలి. అబద్ధమెందుకు, ఒంటరితనం బాగానే బాధించేది.

ఎదురింట్లో పూలు కట్టి అమ్మే ఆమె ఉంటుంది. ఆయాసం మనిషి. చలికాలం పొద్దున మా గల్లీలో లేచిన దుమ్ము తొందరగా పోదు. బండి పోయినప్పుడల్లా నా కుప్ప మీది దుమ్ము లేచేది, ఆమె దగ్గు నా వంటింట్లోకి వినిపించేది. ఆమె మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. చలి ముదరకముందే దీన్ని పద్ధతిగా పంపించకపోతే, నేను తిట్టినవాళ్లకూ నాకూ తేడా ఏముంది?

మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే బండి పంపిస్తామన్నారు. మలబాను పొడి చేసి మళ్లీ ఇటుకలు చేస్తారట. కుప్ప మీద నీళ్లు చల్లి, మంచి ఇటుకలు ఏరి పక్కన పెట్టాను. ఇనుము పాతసామాన్లవాడికి ఇచ్చాను. మిగిలిందంతా సంచులకెత్తి గోడ వారగా పేర్చి టార్పాలిన్ పట్టా కప్పాను. దాంతో నడుము పట్టేసింది. రెండు రోజులు తలుపే తీయలేదు. మూడో రోజు సాయంత్రం, బండి మర్నాడు వస్తుందని ఫోనొచ్చింది. స్కూటర్లు అడ్డముంటే బండి గల్లీలోకి రావడం కుదరదు. వెళ్లి చెబుదామంటే ముఖం చెల్లదు. పలక మీద రాసి, ఎవరూ లేనప్పుడు మా గేటుకు తగిలించి వచ్చాను.

ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ స్టోర్‌లో సరుకు కార్డులు రాసిన చెయ్యి నాది. సరుకు పేరు, వచ్చే సమయం, అంతే. మలబా అని రాయడానికి మనసొప్పక మంచి తెలుగు మాట వెతికి రాశాను. "మట్టి: రేపు పొద్దున తొమ్మిదికి. గల్లీలో బండ్లు అడ్డం పెట్టకండి."

పొద్దున ఎనిమిదిన్నరకు చాయ్ గ్లాసుతో తలుపు తీస్తే గేటు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. రెండేళ్లుగా నా వైపు చూడనివాళ్లు. స్కూటర్లన్నీ పక్కకు జరిగాయి. ఎదురింటామె చేతిలో గుడిమల్కాపూర్ మార్కెట్ బంతిపూల దండ ఉంది. నన్ను చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏమైంది?" అన్నాను.

పక్కింటాయన పలక వైపు చెయ్యి చూపించాడు. "గిట్ల మట్టి అని రాసి పెడితే ఏమనుకోవాలె?"

అప్పుడు తట్టింది. మా దగ్గర మట్టికి పోయొస్తానంటే ఎవరినో సాగనంపి రావడం. చుట్టాలెవరో వచ్చి రాసి పెట్టారనుకున్నారట.

"ఎవరు పోయిండ్రనుకున్నరు?" తెలిసే అడిగాను.

"ఇంకెవరు పోతరన్నా? ఇంట్ల ఉన్నది నువ్వొక్కనివే గద," అంది పూలామె. "రెండు దినాల సంది తలుపు గూడ తియ్యకపోతివి."

నా తలుపు తీసి ఉందో లేదో చూసే మనిషి ఒకరున్నారని నాకు తెలియదు. నవ్వాను. వాళ్లూ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ దుమ్ము పడిందన్నాను.

ఇంతలో బండి వచ్చింది. పాడె మోయడానికి వచ్చినవాళ్లు తలా నాలుగు సంచులు మోశారు. పావుగంటలో గోడ వార ఖాళీ అయింది. "చాయ్ తాగి పొండ్రి" అన్నాను. డ్యూటీకి టైమైందని ఒకరు, దుకాణం తెరవాలని ఒకరు, అందరూ కదిలారు. చచ్చిన నా కోసం ఆరుగురు వచ్చారు. బతికున్న నా దగ్గర ఎవరూ ఆగలేదని చాలా కష్టమనిపించింది.

పూలామె వెళ్తూ దండ గేటుకు తగిలించింది. "తెచ్చిన దండ వాపస్ పట్టుకపోవద్దంటరు, నువ్వే ఉంచుకో" అని నాలుగడుగులు వేసి, మళ్లీ తిరిగింది. "రేపటి సంది పొద్దుగాలనే తలుపు తియ్యన్నా. తియ్యకుంటే మల్ల దండ తేవాల్సొస్తది."

చలి ముదిరింది. ఆమె దగ్గు తగ్గింది. నేను రోజూ ఆరింటికి తలుపు తీస్తున్నాను. బయట నాకు పనేమీ ఉండదు. ఆమె పూలు కడుతూ తలెత్తి ఇటు చూసేదాకా గుమ్మంలో నిలబడతాను. చూశాక లోపలికి వెళ్తాను.