హ్యాపీ బర్త్ కేకు

ఆ రోజుల్లో మేడ్చల్‌లో కేకు అంటే బేకరీ అద్దం వెనక గులాబీ పువ్వు పెట్టుకుని కూర్చునే వస్తువు. దాన్ని ఇంట్లో చేయవచ్చంటే మా వీధిలో ఎవరూ నమ్మేవారు కాదు. నేను నమ్మాను. పదో తరగతి పరీక్షలు రాసి ఎండాకాలం సెలవుల్లో ఖాళీగా ఉన్న పిల్ల, వారపత్రికలో పడిన దేన్నైనా నమ్ముతుంది.

కేకు మా ముందు పోర్షన్‌లో అద్దెకు దిగిన అక్క కోసం. పెళ్లైన రెండో నెలలో కాకినాడ నుంచి వచ్చింది. నన్ను "బుజ్జీ" అని పిలిచేది. (మా ఇంట్లో నేను అందరికీ "ఏ పోరీ"నే. ఆ ఒక్క బుజ్జీ కోసం నేను ఏమైనా చేసేదాన్ని.) ఒక ఆదివారం ఆమెను శామీర్‌పేట చెరువుకు తీసుకెళ్లాం. బస్సు వేళయ్యేదాకా నీళ్లకేసి చూస్తూ నిలబడి, "అలలు లేవేంటే బుజ్జీ?" అంది. ఆ లోటు నాదే అన్నట్టు సిగ్గుపడ్డాను. ఇక ఆమె పుట్టినరోజు నాటికి వాళ్లాయన కంపెనీ పనిమీద ఊళ్లో ఉండడని తెలిశాక, కేకు చేయడం నా బాధ్యత అయిపోయింది.

నాయిన సికింద్రాబాద్ నుంచి కోకో పొడి తెచ్చాడు. మాకు ఓవెన్ ఎక్కడిది? కుక్కర్‌లో ఇసుక పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెట్టి కాల్చమంది పత్రిక. పక్కన కడుతున్న ఇంటి దగ్గర డబ్బాడు ఇసుక అడిగి తెచ్చాను. అది చూసి మా అవ్వ గుండె బాదుకుంది.

"ఇసుకల వండుడేందే పోరీ? మన్ను తినవెడ్తవా గా పిల్లకు?"

"ఇసుక కిందుంటదవ్వా, కేకు మీదుంటది. నువ్వు జర సప్పుడు జెయ్యకు."

అవ్వ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. అరగంటయ్యాక, "ఇంక సీటీ గొట్టలేదేందే?" అంది. విజిల్ తీసేశానని ఎంత చెప్పినా వినలేదు. సీటీ లేకుండా ఉడికింది ఏదైనా పచ్చిదే అని ఆమె సిద్ధాంతం.

కేకు ఒక పక్క పొంగి, ఇంకో పక్క కుంగి బయటికి వచ్చింది. దాన్ని అలంకరణతో కప్పేద్దామనుకున్నాను. వెన్నలో చక్కెర పొడి గిలక్కొట్టి, కడిగిన పాల కవరులో నింపి, మూల కత్తిరించి రాయడం మొదలుపెట్టాను. తెలుగు మీడియం దాన్ని కాబట్టి తెలుగులోనే, గుండ్రంగా, ఘనంగా. 'హ్యాపీ బర్త్' అయ్యేసరికి కేకు అయిపోయింది. 'డే'కి చోటు లేదు. మే నెల ఎండకు రాసిన అక్షరాలు కూడా కారడం మొదలైంది. దాన్నే ఒక పళ్లెంలో పెట్టుకుని పరుగున ముందు పోర్షన్‌కి వెళ్లాను. వెనకాలే అవ్వ.

అక్క తలుపు తీసి కేకు చూసింది. చదివింది. "హ్యాపీ బర్తా? రిజర్వేషన్ చేయించావేంటే నాకు?"

"బర్తంటె రైల్ల పండుకునేదే గదా బిడ్డా?" అంది అవ్వ మధ్యలో. "మీ అమ్మింటికి పోతున్నవా?"

అక్క పడీ పడీ నవ్వింది. గడప పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఉంది, ఎప్పుడు ఏడుపులోకి మారిందో మాకు తెలియలేదు. అవ్వ ఆమెను దగ్గరికి తీసుకుని, "ఊకో బిడ్డా, ఊకో" అంటూ వీపు నిమిరింది. పళ్లెం పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం ఒకటే పరేషాన్: కేకు అంత ఘోరంగా ఉందా?

"అక్కా, ఏడ్వకు. మల్ల జేస్త. గీసారి 'డే' గూడ రాస్త" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, కుంగిన వైపే ముక్క కోసి తింది. ఇంకోటి కోసుకుంది. "బాగుందే బుజ్జీ, నిజంగా" అంది. అది నిజం కాదని నాకు తెలుసు, నేనూ తిన్నాను కదా.

ఏడాది తిరక్కుండా వాళ్లాయనకు బదిలీ అయింది. రెండు ఉత్తరాలు వచ్చాయి, ఒకదానికి నేను జవాబు రాశాను. రెండోదానికి రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే కాలేజీ హడావుడిలో పడిపోయాను.

అప్పుడు ఆమె నాకు ఎంతో పెద్ద మనిషిలా కనిపించేది. మొన్న లెక్క వేసుకుంటే అప్పటికి ఆమెకు ఇరవయ్యొక్క ఏళ్లే. హాస్టల్ నుంచి ఫోన్ చేసి "కూర బాలేదమ్మా" అని ఏడ్చేసే మా అమ్మాయికి ఇప్పుడు దాదాపు అంతే వయసు. ఆ చిన్నపిల్లను నేను అక్కా అని పిలిచాను. ఇవాళ ఎక్కడైనా ఎదురైతే మళ్లీ అలాగే పిలుస్తాను. ఆమె "ఏవే బుజ్జీ" అంటే చాలు, ఈ నెరిసిన జుట్టుతోనే పరుగెత్తుకెళ్లి పక్కన నిలబడతాను.