మామ్మ కుప్పలో పచ్చికాయలు

ఐదేళ్లుగా నేను మోస్తున్నది రెండు దోసిళ్ల పచ్చి కాఫీకాయల బరువు. కాటాలో వేస్తే కిలో కూడా తూగదు. అయినా దించుకోలేకపోయాను. మొన్న డిసెంబరులో దించబోతే సగమే దిగింది. అక్కడ నేను చెప్పగలిగింది రెండు ముక్కలే. మిగతాది మీకు చెబుతాను. మీరు నన్ను ఎరగరు, అదే నా ధైర్యం.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న రోజులవి. నా స్నేహితురాలొకతి జపాన్‌లో సముద్రం పక్కన ఏదో పల్లెలో, ఒక రైతు ఇంట్లో వాలంటీరుగా చేరింది. పగలు పొలం పని, సాయంత్రం సముద్రం, తిండీ పడకా వాళ్లే ఇస్తారు. ముల్లంగి దుంపలు పట్టుకుని నవ్వుతున్న ఫొటోలు రోజూ పెట్టేది. నాకు కడుపు మండిపోయింది. జపాన్ వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి. అరకు వెళ్లాలంటే కిరండూల్ పాసింజరు రైలు ఎక్కితే చాలు. తెలిసినవాళ్లు మాట సాయం చేస్తే, కొండ మీద సోమన్న అనే రైతు కాఫీతోటలో కోతకాలమంతా పని చేయడానికి వెళ్లాను. సముద్రం లేదు గానీ పొద్దున్నే లోయ నిండా మంచు ఉండేది. ఫొటోలకి అది సరిపోయింది.

ఇంట్లో సోమన్న, అతని భార్య చిలకమ్మ, అతని తల్లి. తల్లిని ఊరంతా మామ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. తోటలో మొక్కలు చాలావరకు ఆవిడ నాటినవే. నడుముకి బుట్ట కట్టుకుని అందరికంటే ముందు వాలు ఎక్కేది కూడా ఆవిడే. నేను చోడి అంబలి తాగి ఇంకా మూతి తుడుచుకుంటూ ఉండగానే పైనుంచి కేక వినిపించేది.

"ఏటి సేత్తన్నావే గుంటా, బేగి రా."

గుంటా అంటే వాళ్ల మాటలో పిల్లా అని. ఎంత హాయిగా ఉండేదో ఆ కేక. మా ఇంట్లో నన్ను ఏ పనికీ ఎవరూ బేగి రమ్మన్న పాపాన పోలేదు.

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. ఎవరు కోసిన పళ్లు వాళ్లు కళ్లంలో టార్పాలిన్ మీద విడిగా కుప్ప పోయాలి. సోమన్న వచ్చి ఒక్కో కుప్పా చూస్తాడు. ఎర్రగా పండినవే ఉండాలి. పచ్చివి కలిస్తే కాఫీ రుచి చెడుతుందని కొనేవాళ్లు సరుకంతా పక్కన పెట్టేస్తారు.

మామ్మ మూడు బుట్టలు నింపితే నాది ఒకటి నిండేది. పట్నం గుంట పళ్లు కోస్తోందా, వాటితో మాట్లాడుతోందా అని చిలకమ్మ ఆటపట్టించేది. పైకి నవ్వేదాన్ని, లోపల ఉడుక్కునేదాన్ని. ఒకరోజు పంతం పట్టి, కొమ్మకి చెయ్యేసి దొరికినవన్నీ దూసేశాను. రెండు బుట్టలు నిండాయి. కళ్లంలో పోసి చూస్తే నా కుప్పలో ఎర్రవాటి మధ్య బోలెడు పచ్చివి. సోమన్న అవతలి కుప్ప దగ్గర ఉన్నాడు. మామ్మ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. ఆవిడ కుప్ప నా పక్కనే ఉంది. పచ్చివన్నీ గబగబా ఏరి, రెండు దోసిళ్లు అటు వేసేశాను. పైన ఎర్రవి కప్పాను కూడా. వేయడం అంటే భయంతో అనుకోవచ్చు. మరి కప్పడం? దానికి నేనేం పేరు పెట్టుకోవాలి?

సోమన్న వచ్చి తల్లి కుప్పలో చెయ్యి పెట్టి కలిపాడు.

"ఇన్ని పచ్చివేటే అమ్మా? కళ్లు అగుపడతన్నాయా నీకు?"

మామ్మ ఒక కాయ తీసి చూసింది. "నా సేతివి కావురా ఇవి. కాడలు సూడు. పండైతే ముట్టుకుంటే వచ్చేత్తాది. ఇవి లాగినవి. నాను లాగుతానేటి?"

"పోన్లే, వయసైపోనాది. రేపట్నించి కళ్లం కాడ కూకుని కోళ్లు తోలు." నా కుప్ప కేసి తిరిగాడు. "ఈ గుంట సూడు, ఎంత సుబ్బరంగా కోసిందో."

ఆవిడ చేతిలో రుజువు ఉంది. నా నోట్లో మాట ఉంది. ఇద్దరిలో ఒక్కరం గట్టిగా మాట్లాడినా సరిపోయేది. ఆవిడ మాట్లాడింది, ఎవరూ వినలేదు. నేను ఊరుకున్నాను. డబ్బుకి కాదు, ఉద్యోగానికి కాదు, ఆ మెచ్చుకోలు కోసం. బాగా చేశావని నాతో ఎవరైనా అని అప్పటికి చాలా కాలమైంది. ఇది సాకు అని నాకు తెలుసు.

ఆ తర్వాత ప్రతి చలికాలం వెళ్తూనే ఉన్నాను. వెళ్లకుండా ఉండలేను, వెళ్లాక చెప్పలేను. ఒక ఏడాది మామ్మని కంటి పరీక్షల శిబిరానికి తీసుకెళ్లారు. చూపు బాగానే ఉందన్నారట. అప్పుడేదో మసక కమ్మి ఉంటుందిలే అని సోమన్న తేల్చేశాడు. ఆవిడ కళ్లంలో కూర్చుని, కర్రతో కోళ్లని తోలుతూ, వాలు మీదికి చూస్తూ ఉండేది. కేకలు మానేసింది.

మొన్న కళ్లంలో అందరూ ఉండగా చెప్పేశాను. "ఆ పచ్చికాయలు నావి. మామ్మ కుప్పలో నేనే వేశాను."

మామ్మ నాకేసి చూడలేదు. కొడుకు కేసి తిరిగింది.

"ఇన్నావురా?" అంది.

సోమన్న తల దించుకున్నాడు. ఆవిడ లేచి బుట్ట తెచ్చుకుని నడుముకి కట్టుకుంది. వాలు ఎక్కబోతే మోకాళ్లు మొదటి వరస దాకానే తీసుకెళ్లాయి. తలెత్తి పై మొక్కల కేసి చూసింది. అయిదేళ్ల కింద అయితే ఆ చివరి వరస దాకా ఎక్కేది. ఆ అయిదు కోతలూ నేను తినేశాను, తిరిగి ఇచ్చే దారి లేదు.

మొదటి మొక్క దగ్గరే కోయడం మొదలుపెట్టింది. నేను సిగ్గు లేకుండా పక్కన చేరి కొమ్మ వంచబోయాను.

"నా పక్కన ఒద్దు. ఆ సివరకి పో."

ఎంత ఎక్కాలో! రొప్పుకుంటూ పోయాను. క్షమించానని ఆవిడ అనలేదు, అనేలా కూడా లేదు. అయినా ఆ చివర నిలబడి, ఐదేళ్ల తర్వాత మొదటిసారి, తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను. నవ్వు కూడా వచ్చింది. అంతలో కింద నుంచి కేక వినిపించింది.

"ఏటి సేత్తన్నావే, కోత్తన్నావా, కూకున్నావా?"

గుంటా అనలేదు. కోస్తున్నాను మామ్మా అన్నాను.