బటన్ ఫోను

పదిమంది స్మార్ట్‌ఫోన్లు బాగుచేసే ఆ మెకానిక్ జేబులో మాత్రం పాత బటన్ ఫోనే ఉంటుంది. లాక్ తీసిన ఫోను ముట్టుకోవాలంటే దాని యజమాని ఎదురుగా కూర్చోవలసిందే. ఎందుకో భార్య ఒక్కతెకే తెలుసు. బూతు వీడియోల పిచ్చిలో పడి అతను వెనకటి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అది జబ్బేనని ఒక డాక్టరు మాత్రలు రాశాడు. జబ్బూ కాదు, గిబ్బూ కాదు, మనసులో దిగులుందని ఇంకో డాక్టరు గంటలకొద్దీ మాట్లాడించాడు. "పేరు మీరేదైనా పెట్టుకోండి, కాపురం చేసేది నేను," అని ఆమె ఇద్దరితోనూ అంది. అప్పటినుంచి అతనికి అన్నం వడ్డిస్తుంది గానీ పక్కన కూర్చోదు.

మొన్న ఒకాయన లాక్ తీసిన ఫోను బల్లమీద పెట్టి, ఇప్పుడే వస్తానంటూ వెళ్లిపోయాడు. భార్య క్యారియర్ తెచ్చేసరికి మెకానిక్ దుకాణం బయట మండుటెండలో నిలబడి ఉన్నాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "ఇక్కడ నిలబడ్డావేంటి?" అంది. "లోపల ఉక్కగా ఉంది," అన్నాడు. ఆమె లోపలికి తొంగిచూసింది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బల్లమీద ఎవరిదో ఫోను బోర్లించి ఉంది, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె క్యారియర్ గడప మీద పెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఫోను మనిషి వచ్చేదాకా అతని పక్కనే ఎండలో నిలబడింది.