స్కానర్ గాజు, వదిన ఫోటో

వదిన ఇక లేదు.

నిన్న పొద్దున ఖమ్మం దవాఖానా నుంచి అన్నయ్య ఫోన్ చేసినప్పుడు, భద్రాచలంలో మా జిరాక్స్ షాపులో ఎవరిదో ఆధార్ స్కాన్ చేస్తున్నాను. జ్వరమే కదా, సెలైన్ పెట్టి పంపించేస్తారు అనుకున్నాం.

ఫోన్ పెట్టేసి ఆ ఆధార్ స్కాన్ పూర్తి చేసి ఇచ్చాను. ఎలా ఇచ్చానో నాకే తెలీదు.

సుగుణ వదిన ఏన్కూరు నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చింది. షాపు పెడదామన్నది తనే. అప్పటి నుంచి ఇద్దరం ఒకే కౌంటర్ వెనక. రోజూ పోట్లాటే.

గోదావరి ఇళ్ళలోకి వచ్చి పోయాక మా ఊళ్ళో చాలామంది ఫోటోలకు లామినేషన్ చేయించుకుంటారు. నీళ్ళకు ఆగుతాయి. స్కానర్‌కు మాత్రం అస్సలు పడవు. మెరుపులు, మసక, గీతలు. నేను వెంటనే ఫోటోషాప్ తెరిచేదాన్ని.

"మొహం జోలికి పోకు. ముందు గాజు తుడువు" అని కసిరేది వదిన.

ఒకసారి రాత్రి షాపులోకి వరద నీళ్ళొస్తున్నాయని వదినని నిద్ర లేపితే, స్కానర్‌ని దుప్పట్లో చుట్టి పొట్టకు హత్తుకుని, సగం లేపిన షట్టర్ కింద నుంచి వంగి బయటికొచ్చింది. అంచు తగిలి నుదురు కోసుకుపోయింది. నేను కెవ్వుమన్నాను.

"నా మొహం ఏంది సూస్తున్నవ్? గాజు పగిలిందేమో సూడు!"

అదీ మా వదిన.

నిన్న తన ఫ్లెక్సీ కోసం ఫోటో వెతికితే ఒక్కటీ సరైనది లేదు. ఫోన్‌లో ఉన్నవన్నీ సగం మొహాలే. అందరినీ ఫోటోలు తీసే మనిషి, తను మాత్రం దొరికేది కాదు. చివరికి బైబిల్‌లో చర్చి క్రిస్మస్ ఫోటో దొరికింది. అదీ లామినేషన్ చేసిందే.

స్కాన్ చేస్తే నుదుటి మీద తెల్లటి గీత.

గాజు తుడిచాను. మూత లోపల తుడిచాను. మళ్ళీ స్కాన్. గీత అక్కడే ఉంది. చాలా అలసిపోయి ఉన్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

అప్పుడు తను చెప్పేది గుర్తొచ్చింది. "ఫోటోని అడ్డంగ తిప్పి పెట్టు. గీత ఉన్న కాడనే ఉంటే తప్పు మిషన్‌ది. ఫోటోతోటి తిరిగిందా, మిషన్‌ను తిట్టకు."

తిప్పి పెట్టాను. గీత వదిన మొహంతో పాటు తిరిగింది.

అయితే ఫోటో మీదే గీత పడిందనుకుని, చెరిపేద్దామని మౌస్ పట్టుకున్నాను. అప్పుడే వదినని దవాఖానా నుంచి ఇంటికి తీసుకొచ్చిన అన్నయ్య నా వెనక నిలబడి స్క్రీన్ చూశాడు.

"అది గీత గాదే. షట్టర్ తగిలింది గద."

రోజూ ఎదురుగా చూసిన మొహం. ఆ మచ్చ ఉందనే మర్చిపోయాను.

అప్పుడొచ్చింది ఏడుపు.

చూడటానికి వచ్చిన వాళ్ళు ఫ్లెక్సీ దగ్గర నిలబడి "ఆ గీత తీసెయ్యాల్సింది" అంటున్నారు. అననీ.

వదినా, నీ మొహం ముట్టుకోలేదు. గాజే తుడిచాను.

ప్రభువు దగ్గర నెమ్మదిగా పడుకో. ఈసారి గోదారి వచ్చినా నిన్ను లేపం.